ఇంగ్లీషులోనే చెప్పండి

లోపలికి వచ్చిన మనిషి కుర్చీలో కూర్చోలేదు. దాని వీపు పట్టుకుని నిలబడింది.

"తలుపు మీద నీ పేరు చూశానమ్మా. మనవాళ్ల పేరులా ఉందని వచ్చాను. తెలుగమ్మాయివేనా?"

లాయరమ్మ అవునని తల ఊపబోయి ఆగింది.

పరీక్షలో ఇలాంటి వల ఏదో పన్నుతారని తోటి విద్యార్థులు ముందే హెచ్చరించారు.

మానవ హక్కుల చట్టంలో పై చదువు కోసం ఆమె ఈ పరాయి దేశానికి వచ్చింది. ఇక్కడ పరీక్షంటే కాగితం మీద రాసేది ఒక్కటే కాదు. విద్యార్థిని ఒక గదిలో ఒంటరిగా కూర్చోబెట్టి, నిజం ఆఫీసులాగే తలుపు మీద పేరు, లాయరన్న బోర్డు తగిలించి, కక్షిదారు వేషం కట్టిన నటులను లోపలికి పంపుతారు. వాళ్లు ఏడుస్తారు, అబద్ధాలాడతారు, మాటల్లో పెట్టి దారి మళ్లిస్తారు. విద్యార్థి చలించకుండా, పద్ధతి తప్పకుండా, ఇంగ్లీషులోనే విషయం రాబట్టాలి. గోడ మీది కెమెరా అంతా దాచుకుంటుంది. పరీక్షకులు తీరిగ్గా చూసి మార్కులు వేస్తారు.

వేరే భాషలో ఒక్క ముక్క దొర్లినా సున్నా.

మొదటిసారి ఆమె తప్పింది అందుకే. బిడ్డ పోయాడని నటుడు కన్నీళ్లు పెట్టుకోగానే నోరు జారి "అయ్యో" అంది.

రెండోసారి తప్పితే చదువు అక్కడితో సరి. పెట్టె సర్దుకోవడమే.

సొంత ఊరి కోర్టులో ఆమె వాదనకు లేస్తే ఎదుటి ప్లీడరు నీళ్లు నమిలేవాడు. ఇక్కడ నమలడం ఆమె వంతయింది. ప్రతి వాక్యాన్నీ లోపల రెండుసార్లు తూచి గాని బయటికి వదలదు. నాలుక తనదే, తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియదు.

"దయచేసి కూర్చోండి. ఇంగ్లీషులోనే చెప్పండి" అంది ఇంగ్లీషులో.

"ఇంగ్లీషా? నాకొచ్చింది నాలుగు ముక్కలే తల్లీ. నా గోడు వాటిలో పట్టదు."

ఎంత సహజంగా చేస్తోంది! నా ఒక్కదాని కోసం తెలుగు మనిషిని వెతికి మరీ పట్టుకొచ్చారే అనుకుంది లాయరమ్మ.

"మీరు చెప్పే ప్రతి మాటా గోప్యంగా ఉంచుతాం" అని మళ్లీ ఇంగ్లీషులోనే వల్లించింది.

ఆ మాట ఎంత అర్థమైందో గాని, ఆ మనిషి గొంతు తగ్గించింది.

"ఎక్కువసేపు లేదమ్మా. నేను పనిచేసే ఇంటావిడ నన్ను వెంటబెట్టుకుని పళ్ల డాక్టరు దగ్గరికొచ్చింది, పక్క వీధిలోనే. ఆవిడ నోరు తెరుచుకుని కూర్చుంది గనకే, నాకు నోరు తెరిచే సందు దొరికింది."

లాయరమ్మకు నవ్వు తన్నుకొచ్చింది. పెదవి కొరికి ఆపుకుంది. నవ్వుకైనా మార్కులు పోతాయి.

"వంటకని తెచ్చారు. వచ్చిన నాడే నా పాస్‌పోర్టు వాళ్ల బీరువాలో పెట్టేశారు. వాళ్లు బయటికెళితే నన్ను లోపలుంచి తాళం వేస్తారు. రేపు ఊరు మారుస్తున్నారు. ఏ ఊరని అడిగితే నీకెందుకన్నారు. నా తరఫున పోలీసులకు ఒక్క మాట చెప్పమ్మా! నేను చెబితే ఎవరికీ అర్థం కాదు. వాళ్లడిగేది ఆవిడనే. ఆవిడేమో నన్ను పిచ్చిదంటుంది."

ఆ పాత "అయ్యో" మళ్లీ గొంతు దాకా వచ్చింది.

కెమెరా మీది ఎర్రచుక్క రెప్ప వేయకుండా చూస్తోంది.

లాయరమ్మ పళ్లు బిగించింది. దాని వైపు చూసి, చప్పున చూపు దించుకుంది.

ఆ మనిషి బల్ల మీది గాజు కూజా వంచి, గ్లాసులో నీళ్లు పోసి ముందుకు జరిపింది.

"తాగు తల్లీ. నీ బాధేమిటో నాకు తెలీదు గాని, ఎవరికో జడుస్తున్నావు. ఆ జడుపు నేనెరుగుదును."

కక్షిదారు చేతి నుంచి ఏదీ పుచ్చుకోరాదన్నది నియమం. నియమాన్ని నమ్ముకున్నవారికి దాహం కూడా నియమం ప్రకారమే వేయాలి. లాయరమ్మ గ్లాసు ముట్టుకోలేదు.

"మీ విషయం పరిశీలించి, త్వరలో మీకు లెటర్ పంపుతాం" అంది, పాఠంలో ఉన్నది ఉన్నట్టుగా.

"లెటరా?" ఆ ముక్క ఆమెకు తెలిసిన నాలుగింటిలో ఒకటి. "ఏ ఇంటికమ్మా? రేపు ఎక్కడుంటానో నాకే తెలీదంటుంటే!"

పాఠంలో దీని తరువాత ఉన్నది వీడ్కోలే. లాయరమ్మ లేచి, నేర్చుకున్న చిరునవ్వు నవ్వి, తలుపు తెరిచి పట్టుకుంది.

ఆ మనిషి గుమ్మం దాకా వచ్చి ఆ నవ్వును చూసింది.

"పోనీలే. నీ ఇబ్బంది నీది. బాగా చదువుకో తల్లీ."

వరండాలో ఆమె చెప్పుల చప్పుడు నడకగా మొదలై, పరుగై, మెట్ల మీద వినబడకుండా పోయింది.

గది దాటాక కూడా వేషం విడవలేదే, ఏం నిష్ఠ! అనుకుంటూ లాయరమ్మ కుర్చీలో కూలబడింది.

ఒక్క తెలుగు ముక్క దొర్లలేదు. ఒక్క కన్నీటి బొట్టు రాలలేదు. ఇన్నాళ్లకు ఊపిరి నిండుగా పీల్చుకుంది.

అంతలో ఎవరో తలుపు తట్టారు.

"క్షమించాలి, బస్సు తప్పిపోయింది" అని ఇంగ్లీషులో అంటూ, చేతికి ఉత్తుత్తి కట్టు కట్టుకుని ముఖానికి రంగు పూసుకున్న ఒకావిడ వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది: "ఇవాళ్టి మీ పరీక్షకు కక్షిదారును నేనేనండీ, మొదలుపెడదామా?"