తోడొచ్చినవాళ్ళు బయట కూర్చోవాలి

“లోపల నేను మాట్లాడతాను. నువ్వు నోరు మెదపకు” అన్నాడు టైల్స్ మేస్త్రి, డాక్టరమ్మ గది తలుపు నెడుతూ.

“రోగం నాదండీ” అంది పెళ్ళాం.

“అయితే? జలుబని చెప్పావనుకో, ముక్కు కోసి పంపిస్తారు. నీకేం తెలుసు వీళ్ళ సంగతి!”

మేస్త్రికి వైద్యులంటే పడదు. అతని లెక్కలో లోకంలో దొంగలు రెండు రకాలు. చీకట్లో గోడ దూకేవాళ్ళు ఒకరు, పట్టపగలు మెడలో గొట్టం వేసుకుని కూర్చునేవాళ్ళు ఇంకొకరు. ఐదో క్లాసులో బడి మానేసినా ఈ లెక్క మాత్రం తనకి ఎప్పుడూ తప్పలేదంటాడు. ఊహ తెలిశాక ఆస్పత్రి గడప తొక్కని మనిషి ఇవాళ తొక్కాడంటే అది పెళ్ళాం కోసమే.

కొన్నాళ్ళుగా ఆమె అదోలా ఉంటోంది. కంచం ముందు కూర్చుంటుంది, కెలుకుతుంది, లేచిపోతుంది. ఏమైందే అంటే ఉలకదు పలకదు. గట్టిగా నిలదీస్తే, “గుండెల్లో దడ. మీరు తోడొస్తే చూపించుకుంటా. లేదంటే ఇలాగే పోతా” అని తెగేసి చెప్పింది. పోతే పో అని కసిరాడు. తర్వాత పనిలో ఉండగా ఆమె లేని ఇల్లు ఒక్కసారి కళ్ళముందు మెదిలింది. చేతిలో టైలు జారి ముక్కలైంది. దానికి ఇంటి ఓనరు తిట్టిన తిట్లు వేరే కథ.

అందుకే ఇవాళ పని మానుకున్నాడు. చెవుల్లో, కనుబొమల్లో ఇరుక్కున్న తెల్లదుమ్ము తోముకుని, ఉతికిన చొక్కా వేసుకుని బయల్దేరాడు. పాపం ఆడమనిషి కదా అని మెట్ల మీద రెండుచోట్ల ఆగాడు కూడా.

డాక్టరమ్మ స్టూలు చూపించి అడిగింది. “చెప్పండమ్మా, ఏంటి ఇబ్బంది?”

“గుండె దడండి” అన్నాడు మేస్త్రి.

“ఆమెని అడిగాను.”

“ఆమె తరఫునే చెప్తున్నా.”

“నిద్ర పడుతోందా అమ్మా?”

“ఎక్కడ పడుతుందండీ! పక్కమీద లేచి కూర్చుని దెయ్యంలా నన్నే చూస్తుంటుంది. నేనిలా పొలమారి దగ్గితే చాలు, నీళ్ళ చెంబుతో రెడీ.” అని, గదిలో ఫినాయిల్ కంపుకి కాస్త దగ్గి, “ఏం కొడతారండీ ఈ నేలకి, మనుషుల్ని చంపడానికా?” అన్నాడు.

చీటీ మీద టైల్స్ మేస్త్రి భార్య అని చూసి డాక్టరమ్మ కలం కింద పెట్టింది. “మేస్త్రిగారూ, నాడి కూడా ఆమె బదులు మీరే ఇచ్చేస్తారా?”

పెళ్ళాం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుకో ఏడుపుకో అతనికి అంతుపట్టలేదు.

“బయట బోర్డుంది, చూడండి. డాక్టరుతో ఒంటరిగా మాట్లాడుకునే హక్కు పేషెంటుకుంది. తోడొచ్చినవాళ్ళు కాసేపు బయట కూర్చోవాలి.”

“మొగుడికి తెలియని రోగం పెళ్ళానికి ఉంటుందా?”

“మొగుడే రోగమైనవాళ్ళు కూడా వస్తుంటారండీ ఇక్కడికి. కూర్చోండి.”

తలుపు మూసుకుంది. బల్లమీద కాలికి కట్టుతో ఉన్న పెద్దాయన పక్కకి జరిగి చోటిచ్చాడు.

“గెంటేసిందా?”

“గెంటడమేంటి? నేనే వచ్చా.”

“అందరం అలాగే వచ్చాంలేవయ్యా. పోయినసారి మా ఆవిడ లోపల చాలాసేపు మాట్లాడింది. బయటికొచ్చి, ఏమీ లేదంది. ఆ ఏమీ లేనిదాని గురించి అంతసేపు ఏం మాట్లాడిందో నేటికీ చెప్పలేదు.”

మేస్త్రికి నవ్వు రాలేదు. లోపల్నించి గుసగుసలు, ఆ తర్వాత పెళ్ళాం వెక్కిళ్ళు వినిపించాయి. కౌంటరు దగ్గరికి పరుగెత్తాడు.

“అమ్మాయ్, లోపల ఏం చెప్తున్నారు?”

“అది మాకూ తెలీదు, తెలిసినా చెప్పకూడదు బాబాయ్. పేషెంటు గుట్టు బయటపెట్టకూడదు.”

“నేను మొగుణ్ణి!”

“అరవకూడదు కూడా బాబాయ్. అదీ బోర్డు మీదే ఉంది, బాధ్యతల కింద.”

పళ్ళు నూరుకుంటూ బోర్డు ముందు నిలబడ్డాడు. అక్షరాలు కూడబలుక్కుంటూ చదివాడు. రోగమేంటో పేషెంటుకి అర్థమయ్యేలా చెప్పాలి. బాగుంది. పరీక్ష ఎందుకో చెప్పాలి. అదీ బాగుంది. పేషెంటు ఒప్పుకోకపోతే ఏ వైద్యమూ చెయ్యకూడదు. ఇక్కడ ఆగి మళ్ళీ మొదట్నించి చదివాడు. అది అసలే మొండిఘటం. ఒద్దంటుంది. ఒద్దంటే వీళ్ళు సరేనని పంపేస్తారు. పంపేస్తే?

తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు. పెళ్ళాం కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“డాక్టరమ్మా, ఏ రోగమైనా సరే దాచొద్దు.”

“దాచను. ముందు పరీక్షలు చెయ్యాలి. కానీ పేషెంటు ఒప్పుకోకుండా నేను చెయ్యి వెయ్యను. వద్దనే హక్కుంది.”

“వద్దంటే ఊరుకుంటానా? రక్తం తీస్తారో, ఎక్స్‌రే తీస్తారో, సూదులే గుచ్చుతారో మీ ఇష్టం. ఒప్పుకున్నట్టే రాసుకోండి.”

“మందులు మధ్యలో ఆపేస్తే?”

“కాళ్ళూ చేతులూ కట్టేసి నోట్లో పోయిస్తా.”

“మాట తప్పరుగా?” అంది పెళ్ళాం, మెల్లగా.

“నేను పరిచిన టైలు వంకర పోయినా నా మాట వంకర పోదే!” అన్నాడు. దగ్గు తెర ఆగాక పెళ్ళాం వైపు తిరిగాడు. “నువ్వే లేకపోతే ఆ కొంపని నేనేం చేసుకోను?”

ఆమె కళ్ళు తుడుచుకుని, స్టూలు మీంచి లేచి పక్కన నిలబడింది. డాక్టరమ్మ గొట్టం చెవులకి తగిలించుకుంది.

“మేస్త్రిగారూ, చొక్కా విప్పండి.”