మీవైపు రక్తం

గొట్టంలో గీత దాకా ఉమ్మాలన్నారు పరీక్షవాళ్లు.

టైలరమ్మ ఆ గొట్టాన్ని మొగుడి చేతిలో పెట్టి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆయనకు బేకరీలో పని. అమ్ముడుపోని కేకులు ఇంటికి తెస్తాడు. తెచ్చినవాటిలో ముప్పాతిక తనే తింటాడు. ఆయన తండ్రి యాభై నిండకుండానే గుండె ఆగి పోయాడు. ఈయనకూ యాభై దగ్గర పడుతోంది. ఆమె భయమంతా అదే.

"ఎవరి ఒంటికి ఏ తిండి పడుతుందో జన్యువులు చూసి చెప్పేస్తారట. కానివ్వండి."

"నువ్వలా కాపలా కాస్తే నోరెండిపోతోందే," అంటూ ఆయన వెనక గదిలోకి పోయాడు. కాసేపటికి గొట్టం నింపుకుని, ఈల వేసుకుంటూ వచ్చాడు.

ఫలితం చెప్పడానికి డైటీషియన్ ఫోన్ చేసింది. ఇంటిల్లిపాదీ వినాలని టైలరమ్మ స్పీకర్ పెట్టింది. ఈ ఒంటికి తీపి, వెన్న, వేపుళ్లు పడవట. నోరు కట్టుకుంటే నిండా బతకొచ్చట. లేదంటే షుగరూ గుండెజబ్బూ చేతులు పట్టుకుని వస్తాయట. ఆయన ముఖం మైదాపిండిలా పాలిపోయింది.

ఇదంతా వారసత్వమేనా అని టైలరమ్మ అడిగింది. సగం వారసత్వం, సగం తినే తిండి అంది డైటీషియన్. మొదటి సగమే టైలరమ్మ చెవికెక్కింది.

"విన్నారా, మీవైపు రక్తమే అంత. మా అమ్మకు ఎనభై. ఇంతవరకు మాత్ర మింగి ఎరగదు."

ఆయన వెనక గది వైపు ఓసారి చూశాడు.

ఆనాటి నుంచి ఆయన కంచంలోకి ఉడకబెట్టినవి తప్ప మరేవీ రాలేదు. కొలతలకు వచ్చిన ప్రతివాళ్లకూ, టేపు నడుం చుట్టూ తిప్పుతూనే, మొగుడి వంశం గుట్టంతా విప్పింది టైలరమ్మ. విన్నవాళ్లు ఆయన్ని చూసి జాలిపడేవారు.

కేకులు మాత్రం వస్తూనే ఉన్నాయి. వాటిని వెనక గదిలో గుండీలు కుట్టే తన తల్లికి ముందు పెట్టేది టైలరమ్మ. ఆవిడది ఎప్పుడూ పిట్ట తిండే. ఓ మూల తుంచి నోట్లో వేసుకుని, పళ్లెం పక్కకు నెట్టేది. మొగుడి వంతూ, తల్లి మిగిల్చిందీ టైలరమ్మే తినేది.

"పారెయ్యవే," అనేది తల్లి.

"పారెయ్యడానికి చేతులెలా వస్తాయే? మనకేం, రాళ్లు తిని హరాయించుకునే ఒళ్లు మనవి."

ఆయన ప్యాంట్ల నడుములన్నీ బిగించింది. తన బట్టల కుట్లు విప్పి వదులు చేసుకుంది. చివరికి విప్పడానికి లోపల గుడ్డ మిగల్లేదు.

ఓ సాయంత్రం మిషను ముందే ఆమెకు కళ్లు తిరిగాయి. ఈమధ్య దాహం కూడా ఎక్కువైంది. చెంబెడు నీళ్లు తాగి, కాస్త నీరసం అనుకుని, కేకు పళ్లెం దగ్గరకు లాక్కుంది.

తల్లి లేచి వచ్చి పళ్లెం పట్టుకుంది. అల్లుడి వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు.

"చెప్పనని అల్లుడికి మాటిచ్చాను కానీ, ఇక నా వల్ల కాదు," అంది. "ఆ రోజు గొట్టంలో ఉమ్మింది నేనే తల్లీ."