ఎవరి బదులు?

"ఏడాది పోస్టు తీసుకోండమ్మా. బదులు టీచరైతే వచ్చిన రోజుకే జీతం," అన్నారు మద్రాసు నుంచి సికింద్రాబాద్ బడికి కొత్తగా వచ్చిన హెడ్మాస్టరు.

"పక్కా నౌకరీకి చీవాట్లు సుత పక్కానే ఉంటయి సార్. బదులే రాసుకోండ్రి," నవ్వింది జైతున్ బీ.

"ఎవరి బదులు?"

ఆమె ఉర్దూ రిజిస్టరులో ఒక పేరు మీద వేలు పెట్టింది. "లెక్కల సారు. పోలీసు యాక్షన్ అయినకాన్నుంచి వస్తలేరు."

"ఆ ఖాళీలోనే కదా మీకు ఏడాది పోస్టు! ఆయన పేరు కొట్టేస్తాం."

"అందుకే వద్దంటున్న. నేను బదులుంటే ఆయన సెలవుల ఉన్నట్టే గద."

"సరే. నాకు ఉర్దూ రాదు, ఆ పేరు చదవండి."

అంతసేపూ గలగలా మాట్లాడిన జైతున్ బీ తల మీద కొంగు సవరించుకుంది.

"మా ఇంటాయన పేరు నోటితోని ఎట్ల తీస్త సార్?"