కోబినా కోసం ఒక నిమిషం

అరబా టికెట్టు తీసి బల్ల మీద పెట్టింది. గురువారం విమానం. బోస్టన్ నుంచి అక్రాకి, అక్కణ్ణుంచి రోడ్డు మీద సొంతూరు సాల్ట్‌పాండ్‌కి.

"ఇప్పుడు చెప్పండి," అంది. "వెళ్లనా, మాననా?"

ఆదివారం ప్రార్థన అయిపోయింది. వూస్టర్ చర్చి కింది హాల్లో జొలోఫ్ అన్నం పళ్లాలు చేతులు మారుతున్నాయి. అందరూ ఘనా వాళ్లే. చాలామంది దగ్గర గ్రీన్‌కార్డులున్నాయి. అయినా పోయిన చలికాలం నుంచి ఒక్కరూ దేశం దాటలేదు.

"వెళ్లు అక్కా," అన్నాడు ఫీఫీ, నోట్లో కోడిముక్కతో. "నీ మొహం చూస్తే విమానాశ్రయంలో వాళ్లే భయపడి దారిస్తారు."

"నీ మొహం చూసి నీ పెళ్లామే తలుపు తియ్యదు. నువ్వు ఊరుకో."

నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

అరబా పందొమ్మిదేళ్లుగా ఒక వృద్ధాశ్రమంలో ముసలివాళ్లకు స్నానాలు చేయిస్తోంది. ఆమె మీద ఒక్క కేసు లేదు. కాగితాల్లో ఒక్క తప్పు లేదు. లాయరు దగ్గరికీ వెళ్లొచ్చింది. చట్టం ప్రకారం వెళ్లొచ్చన్నాడు. తిరిగి రానిస్తారా అంటే మాత్రం మాటివ్వలేనన్నాడు. రూల్సు వారానికో రకంగా మారుతున్నాయట.

సాల్ట్‌పాండ్‌లో ఆమె కవల చెల్లెలు కక్రా మంచం పట్టింది. కాలేయం పాడైంది. డాక్టర్లు నెల అన్నారు.

"శవమైతే ఆగుతుంది," అంది అరబా. "మనవాళ్లు ఐసులో పెట్టి, అందరూ వచ్చేదాకా ఆర్నెల్లయినా ఆపుతారు. బతికున్న మనిషిని ఎందులో పెట్టి ఆపను?"

అందరి మనసులోనూ ఒకటే పేరు.

కోబినా సంగతి ఆ హాల్లో తెలియనివాళ్లు లేరు. ఓహైయోలో ట్రక్కు నడుపుతాడు. తల్లిని చూసి తిరిగొస్తుంటే విమానాశ్రయంలో పక్కగదిలోకి తీసుకెళ్లారు. రెండు గంటలు కూర్చోబెట్టారని కొందరు, రెండు రోజులని కొందరు. కార్డు లాక్కుని వెనక్కి పంపేశారన్న దాంట్లో మాత్రం ఎవరికీ తేడా లేదు. బయట అతని పిల్లలు బెలూన్లు పట్టుకుని సాయంత్రం దాకా నిలబడ్డారట. పెద్దపిల్ల బెలూను ఎర్రదట.

కోబినా, ఆ మూల కుర్చీలో కూర్చున్న ఎబోకి స్నేహితుడు. ఆ పేరు వింటే ఎబో తల దించుకుంటాడు. అందుకే అతని ముందు ఎవరూ ఆ మాట ఎత్తరు.

అరబా ఎత్తింది.

"ఎబో, మీ నాన్న శవం నీ కోసం ఏడు నెలలు ఆగింది. మన ఆచారం ప్రకారం శవపెట్టె కొని తేవాల్సిన కొడుకువి, నువ్వే వెళ్లలేదు. కోబినాకి జరిగింది చూసి ఆగిపోయావు. ఆ సంగతి నీకు తెలిసినంత ఇక్కడ ఇంకెవరికీ తెలీదు. నువ్వు వెళ్లమంటే వెళ్తా నాయనా. వద్దంటే మానేస్తా."

ఎబో నోరు తెరిచాడు. ఒక్క మాట చాలు. అది నాలుక చివరిదాకా వచ్చింది కూడా. హాలంతా అతనికేసే చూస్తోంది. ఆ మొహాల వెనక, గోడకానుకుని, తండ్రి నిలబడ్డట్టనిపించింది. ఏడు నెలల మంచు ఇంకా ఆయన కనుబొమల మీదే ఉంది.

"ఇప్పుడెలా ఉన్నాడు కోబినా?" మెల్లగా అడిగింది అరబా.

"ఫోనెత్తడం లేదు."

"మరి నేను?"

"వద్దు ఆంటీ."

అరబా టికెట్టు మడిచి సంచిలో పెట్టుకుంది. సంచిలో కొత్త బూట్లున్నాయి. తెల్లవి, మెత్తవి, నర్సులు వేసుకునేవి. కక్రా అడిగింది. ఇద్దరిదీ ఒకే పాదం కాబట్టి కొట్లో అరబాయే తొడుక్కుని చూసి కొంది.

పద్దెనిమిది రోజులకు కక్రా పోయింది.

వారం తిరిగాక అదే హాల్లో, సంతాపపు నలుపూ ఎరుపూ బట్టల్లో అందరూ కూర్చున్నారు. ఫొటో కక్రాది. మొహం అరబాది. వచ్చినవాళ్లు ఒకసారి ఫొటోకేసీ, ఒకసారి ఆమెకేసీ చూసి చూపు తిప్పుకుంటున్నారు. ఆమె నల్లబట్ట అంచు కింద తెల్లబూట్లు కనిపిస్తున్నాయి.

ఎబో దగ్గరికి వెళ్లాడు. అరబాయే అతని రెండు చేతులూ పట్టుకుంది.

"చివర్లో నా పేరే పిలిచిందట," అంది. "పోనీలే. నువ్వే చెప్పకపోతే నేనూ కోబినాలా ఆ పక్కగదిలో కూర్చునేదాన్ని. ఇవాళ ఇక్కడున్నానంటే నీ చలవే."

"ఆంటీ, నేనొకటి చెప్పాలి..."

"తర్వాత చెబుదువుగాని." ఆమె అప్పటికే పాస్టర్ వైపు తిరిగింది. "అయ్యగారూ, నా చెల్లెలి కోసం ప్రార్థించాం. పాపం, ఆ పిల్లాడు కోబినా కోసం కూడా ఒక్క నిమిషం."

కుర్చీలు కదిలాయి. ఫీఫీ కళ్లు తుడుచుకున్నాడు. వెనక వరుసలో ఎవరో ఎర్ర బెలూను తలుచుకుని వెక్కారు. హాలంతా లేచి నిలబడింది.

ఎబో కూడా తల వంచాడు, తండ్రిని మట్టిలో పెట్టడానికి ఎందుకు వెళ్లలేదని పోయిన చలికాలం ఇదే హాల్లో ఎవరో అడిగినప్పుడు, నోటికొచ్చిన పేరు పెట్టి తను అప్పటికప్పుడు పుట్టించిన మనిషి కోసం.