పంచాంగం చూసే తలుపు

కంపెనీవాళ్ల అప్‌డేట్ వచ్చేదాకా ఆగమని భ్రమరాంబ మొత్తుకుంటూనే ఉంది. పద్మనాభం వింటేగా! వాకింగ్ గ్రూపులో ఎవడో పంపిన ‘మన ఇల్లు, మన సంప్రదాయం’ ప్యాక్‌ని ఆదివారం పెసరట్టు తింటూ, తలుపులూ దీపాలూ నడిపే ఇంటి సిస్టంలోకి ఎక్కించేశాడు. కంపెనీది పంచాంగం చూడదట, ఇది చూస్తుందట.

సోమవారం పొద్దున్నే భ్రమరాంబ హెడ్మిస్ట్రెస్ ప్రమోషన్ కౌన్సెలింగుకు బయల్దేరింది. వేళకు వెళ్లకపోతే ఆ పోస్టు ఇంకొకరికి పోతుంది. తలుపు తెరుచుకోలేదు.

“రాహుకాలం నడుస్తోందమ్మా, కూర్చోండి,” అంది తలుపు.

రాహుకాలం అయిందో లేదో, పద్మనాభానికి తుమ్మొచ్చింది. ముక్కు నొక్కిపట్టినా ఆగలేదు.

“ఒంటి తుమ్ము! కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి, కాసేపాగి వెళ్లండి.”

“ఇంకోటి తుమ్మండి, మీకు పుణ్యముంటుంది! జంటైతే దోషముండదు,” అని అరిచింది భ్రమరాంబ.

పద్మనాభం మిరియాల పొడి పీల్చాడు. ఈసారి రెండొచ్చాయి. మొత్తం మూడు కాబట్టి కుదరదంది తలుపు.

“ఆ దిక్కుమాలిన ప్యాక్ తీసిపారెయ్యండి!”

పద్మనాభం గబగబా మీట నొక్కాడు.

“తీసెయ్యడానికీ ముహూర్తం ఉండాలి కదండీ,” అంది తలుపు, ఎంతో మర్యాదగా. “ఇప్పుడు మూఢం. శ్రావణంలో చూద్దాం.”

భ్రమరాంబ వంటింట్లోకి వెళ్లి, రోకలిబండ భుజాన వేసుకొచ్చింది.

“పగలగొట్టడానిక్కూడా ముహూర్తం కావాలా?”

తలుపు ఒక్క క్షణం ఆలోచించింది.

“అమృత ఘడియలు వచ్చేశాయమ్మా,” అంటూ బార్లా తెరుచుకుంది.