పరదా వెనక గున్నేనుగు

"ఏమయ్యా, కాస్త లేస్తావా? అది చంటిపిల్లల కుర్చీ."

లైబ్రరీలో పిల్లల గది. పసుపుపచ్చని బుల్లి కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చున్న ఒక పొడుగాటి మనిషిని అమ్మమ్మ అలా పలకరించింది.

ఆయన ఎదురుగా కంప్యూటర్. తెర మీద బొమ్మల కథ. అందులో పిల్లి మీద వేలు పెడితే ఆవలిస్తుంది, గిన్నె మీద పెడితే గలగలమంటుంది. బుడతలంతా దానికోసమే ఆ గదికొస్తారు.

పొడుగాయన గబుక్కున లేచాడు గానీ వెళ్ళలేదు. పక్కనే చాప మీద చతికిలబడ్డాడు.

"తల నెరుస్తున్నా బొమ్మల మీద మోజు తీరలేదు" అని లోపల్లోపల నవ్వుకుంటూ అమ్మమ్మ చంకలోని మనవరాల్ని కుర్చీలో దించింది.

మనవరాలి ముద్దుపేరు గువ్వ. మూడో ఏడు నడుస్తోంది. చెవులు భేషుగ్గా వినబడతాయి, అల్లరికి కొదవలేదు. నోట్లోంచి మాత్రం ఒక్క మాట ఊడిపడదు.

"ఒక్కసారి అమ్మా అంటే చాలు, ఇంకేం అడగను" అని వాళ్ళమ్మ రోజూ దాని నోటివైపే చూస్తుంది.

అమ్మమ్మ మాత్రం కొట్టిపారేస్తుంది. "దానికేం తక్కువే? అది చూసిన చూపుకే నాకు అర్థమైపోదూ!"

అవును మరి. గువ్వ గ్లాసు వైపు చూస్తే నీళ్ళు వచ్చేస్తాయి. గుమ్మం వైపు చూస్తే కాళ్ళకి చెప్పులు వచ్చేస్తాయి. ఇక ఆ పిల్లకి నోటితో పనేముంది?

"గున్నేనుగు ఎక్కడ దాక్కుందో చెప్పుకోండి!" అని అడిగింది కంప్యూటర్.

తెర మీద ఒక ఇల్లు. ఇంట్లో ఎర్ర పరదా. పరదా వెనక ఇంత లావు పొట్ట. పక్కనుంచి తోక బయటికొచ్చి ఊగుతోంది.

గువ్వ వేలు పైకి లేచింది.

అది తెరను తాకేలోపే అమ్మమ్మ వేలు వెళ్ళి పడింది. "ఇదిగోనే, పరదా వెనక!"

ఏనుగు ఘీంకరించింది. గువ్వ వేలు మళ్ళీ గుప్పిట్లోకి ముడుచుకుపోయింది.

పొడుగాయన అదంతా చూస్తూనే ఉన్నాడు.

"పిన్నిగారూ, ఒక్కసారి నన్ను ఆడనివ్వరూ?"

"నువ్వా!"

"ఆ ఏనుగు నాకెప్పుడూ దొరకదండీ."

అమ్మమ్మ ముక్కున వేలేసుకుంది. "అంత ఏనుగు కనబడట్లేదూ?"

"కళ్ళజోడు లేకపోతే నా బతుకింతే. అదిగో, ఆ కిటికీ దగ్గరెక్కడో పెట్టినట్టు గుర్తు. కాస్త చూసిపెడతారా?"

సాయం అడిగితే కాదనే మనిషి కాదు అమ్మమ్మ. కిటికీ గట్టంతా తడిమింది. బల్ల కింద చూసింది. ఆటబొమ్మల బుట్ట ఎత్తి దాని కిందా చూసింది.

వెనకనుంచి ఆయన గొంతు వినబడుతూనే ఉంది.

"బీరువాలో ఉందేమో చూద్దాం."

బీరువా కిర్రుమంది.

"పిల్లి కింద ఉందా?"

పిల్లి ఆవలించింది.

"పోనీ, ఈ గిన్నెలో?"

గిన్నె గలగలమంది.

అమ్మమ్మకి నాలుక దురదపుట్టింది. పరదా అయ్యా, పరదా అని అరుద్దామని ఇటు తిరిగేంతలో పొడుగాయన ఉస్సురన్నాడు.

"ఏనుగూ లేదు, గీనుగూ లేదు. ఊరెళ్ళిపోయినట్టుంది. పద, కథ ఆపేద్దాం."

"కాదూ!"

గది గదంతా ఉలిక్కిపడింది.

"తోక! అదిగో తోక!"

గువ్వ కుర్చీ మీదకెక్కి నిలబడింది. ఆయన చెవి పట్టుకుని, తలకాయని తెరవైపు తిప్పుతోంది.

అమ్మమ్మ చేతిలో బుట్ట జారి బొమ్మలన్నీ దొర్లిపోయాయి. పిల్లని లటుక్కున ఎత్తుకుంది. ఆయన కళ్ళజోడూ గుర్తులేదు, వెళ్ళొస్తానని చెప్పడమూ గుర్తులేదు, ఒకటే పరుగు ఇంటికి.

సాయంత్రం వాళ్ళమ్మ ఆఫీసు నుంచి రాగానే గువ్వ గుమ్మంలోకి ఉరికింది. "అమ్మా! తోక!"

వాళ్ళమ్మ భుజాన ఉన్న బ్యాగుతో సహా అక్కడే కూలబడింది. నవ్విందో, ఏడ్చిందో ఆవిడకే తెలియదు.

అమ్మమ్మ మాత్రం జరిగింది చెబుతూ పొట్ట పట్టుకుని నవ్వింది. "ఒక వెర్రి మాలోకం ఉన్నాడే అక్కడ. ఎదురుగా ఏనుగుంటే గిన్నెలో వెతుకుతాడు! నా మనవరాలు చెవి మెలేసి చూపించింది."

"ఆయన్ని అంటున్నావు గానీ, నువ్వు ఆయనకి థాంక్స్ అయినా చెప్పావా?" అన్నాడు తాతయ్య.

అమ్మమ్మ నవ్వు ఆగింది.

మర్నాటినుంచి గువ్వ నోరు మూస్తే ఒట్టు. ఆ సందడిలో కొన్నాళ్ళు ఇట్టే గడిచిపోయాయి. చివరికొక రోజు తాతయ్య పాత కళ్ళజోడుని అమ్మమ్మ చీరకొంగుతో తళతళలాడేలా తుడిచి, సంచిలో వేసుకుని, గువ్వతో లైబ్రరీకి బయల్దేరింది.

పసుపు కుర్చీ ఖాళీగా ఉంది.

"ఏనుగు మామ ఏడీ?" అని గువ్వే అడిగింది.

లైబ్రరీ అమ్మాయి నవ్వింది. "నిన్ననే వెళ్ళిపోయారమ్మా. ఇంకో ఊళ్ళో పిల్లల దగ్గరికి."

"అయ్యో!" అంది అమ్మమ్మ. "ఆ రోజు ఎంత వెతికినా ఆయన కళ్ళజోడు దొరకలేదమ్మా. పాపం కళ్ళు ఆనవు కదాని ఇది తెచ్చాను."

"కళ్ళజోడా? ఆయన ఎప్పుడూ పెట్టుకోరే!"

అమ్మమ్మ చెయ్యి సంచిలోనే ఉండిపోయింది.

"మరి ఏనుగు కనబడట్లేదన్నాడే!"

"ఆయనకి కనబడకపోవడమేంటి అమ్మమ్మగారూ? ఆ బొమ్మల కథ తయారుచేసి, ఏనుగుని పరదా వెనక దాచి, తోక మాత్రం బయట వదిలిందే ఆయన."