కంపెనీ మనిషి

ఆ పొద్దున మబ్బు ప్రాణహిత మీదకు వచ్చి ఆగింది. మధ్యాహ్నానికీ కురవలేదు, కదలలేదు.

సిరొంచలో శోభారాణి నడిపే ఆన్‌లైన్ దరఖాస్తుల దుకాణం ముందు సాంబన్న పంట బీమా కాగితాలతో కూర్చున్నాడు. గడువు సాయంత్రానికి అయిపోతుంది. దుకాణంలోని ఒక్క కంప్యూటరూ కొన్న మూడు నెలలకే ఆగిపోయింది. ఇరవై ఫిర్యాదుల తర్వాత ఇవాళ చంద్రపూర్ నుంచి కంప్యూటర్ కంపెనీ మనిషి పంకజ్ వచ్చాడు.

"పార్టు తెచ్చినవా?" అంది శోభారాణి.

"లేదక్కా. బాగైందని సంతకం పెడితే ఫిర్యాదు బందైతది. పార్టు తర్వాత వస్తది."

సాంబన్న నవ్వాడు. "అద్దం తుడిచే బట్టన్న తెచ్చిండేమో అడుగు బిడ్డా. గంత దూరం నుంచి వచ్చిండు."

"మీ పెద్ద సారుకు ఫోన్ కొట్టు. నా ముందటనే," అంది శోభారాణి పంకజ్‌తో.

పంకజ్ నంబరు నొక్కి ఫోన్ టేబుల్ మీద పెట్టాడు. పాట మొదలైంది. మధ్యలో ఒక ఆడగొంతు, "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" అంది.

శోభారాణికి ఆ పాట నోటికొచ్చు.

"గిది మేం చేసే నంబరే గదా?"

"మాకు సుత గిదే అక్కా. పొద్దటి నుంచి బస్సులనే తొమ్మిదిసార్లు చేసిన."

ఆమె అతన్ని మొదటిసారి సరిగ్గా చూసింది.

"ఇగ నువ్వు సుత వాళ్లకు మా అంత ముఖ్యమే," అని టిఫిన్ డబ్బా విప్పింది.

సాంబన్న కాగితాలు అంగీ జేబులో పెట్టుకున్నాడు. "అహేరి పోయి నింపిస్త. బస్సుకు ఇంక గంటున్నది. పిలగానికి సుత పెట్టు."

ముగ్గురూ అన్నం, చింతకాయ తొక్కు తిన్నారు. టేబుల్ మీద పాట వస్తూనే ఉంది.